గోదురుకప్ప గారి ఫిర్యాదు

మాత్సుయె, 2005 అక్టోబరు 8

చిసాతోకి,

మా సరస్సు మీద పొద్దుటిపూట పొగమంచు పట్టడం మొదలైంది. గుల్లలు ఏరే పడవలు కనపడవు, వాటిలోని ముసలాళ్ళ దగ్గు మాత్రం వినపడుతుంది. ఋతువు రాశాను, మర్యాద తీరింది. ఇక అసలు సంగతి.

మిమిజుకుని మూసేస్తారట!

అదేనే, నువ్వు టోక్యో రైలెక్కే ముందు నా కంప్యూటర్లో ఎక్కించి పోయిన బ్రౌజరు, కొమ్ముల గుడ్లగూబ బొమ్మది. కంప్యూటరుతో పాటు వచ్చిన బ్రౌజరులో అక్షరాలు పీతల్లా పక్కకి నడుస్తాయి. జీవితమంతా ఆడపిల్లల బడిలో మన భాష చెప్పినదాన్ని, పీతల వెంట పరిగెత్తే వయసు కాదు నాది. మిమిజుకులో ఒక్క మీట నొక్కితే పేజీ అంతా లేచి నిలబడుతుంది. అక్షరం వానలా పైనుంచి కిందికి దిగుతుంది, వరస కుడినుంచి ఎడమకి సాగుతుంది. మా హైకూ బృందంలో ఫుసానో మొదటిసారి చూసి, "ఇదేమిటి కినుయె, టీవీలో పుస్తకం పెట్టావా?" అంది. అప్పటినుంచీ బృందమంతా నా ఇంట్లోనే కూర్చుంటోంది. నా టీ అయిపోతోంది, అయినా సంతోషమే.

దాన్ని తయారుచేసినవాడు ఒకే ఒక్కడు. అసలు పేరు ఎవరికీ తెలియదు. మిమిజుకు వాడేవాళ్ళు ఇంటర్నెట్లో రాసుకునే బోర్డులో అందరివీ మారుపేర్లే కదా, అతనిది 'నత్త'. కొత్త కూర్పు తేవడంలో ఏనాడూ ఆ పేరుకి మచ్చ తేలేదు. ఆ నత్త నిన్న బోర్డులో ప్రకటించాడు: ఇంట్లో కవలలు పుట్టారు, ఇక చేతులు ఖాళీ లేవు. సమర్థులు ఎవరైనా ముందుకొస్తే అప్పగిస్తాడు. లేదా, వసంతం రాకముందే పేరూ గుడ్లగూబా ఒక కంపెనీకి ఇచ్చేస్తాడు. ఆ కంపెనీ ఏం చేస్తుందో లోకమంతటికీ తెలుసు. పేజీకి నాలుగు వైపులా ప్రకటనలు అంటిస్తుంది. మేము చంద్రుడి మీద హైకూ చదువుతుంటే పక్కన కడుపుబ్బరం మాత్రలు ఎగురుతుంటాయి.

నువ్వు కంప్యూటర్ల కంపెనీలో ఉన్నావు. నీకు తెలిసినవాళ్ళలో ఒక్క మొనగాడైనా ఉండడా? వెతుకు. నేనంటావా, బోర్డు ఊరికే చదువుతాను. ఒక్క ముక్క రాసి ఎరగను.

ఇదంతా మెయిల్లో రాయొచ్చుగా అంటావు. బోర్డులూ మెయిళ్ళూ పరాయివాళ్ళకి. ఇంటివాళ్ళకి తపాలా బిళ్ళ అంటించాలి. అది నా పద్ధతి.

నానమ్మ


సుగినామి, టోక్యో, అక్టోబరు 13

నానమ్మా! నానమ్మా! నానమ్మా!

మొనగాడిని వెతకమన్నావు కదా, దొరికాడు. ప్రస్తుతం అద్దం ముందు నిలబడి జుట్టు దువ్వుకుంటున్నాడు. నేనే!

నవ్వకు. నా ఉద్యోగం ఏమిటో నీకు తెలుసు. కొట్లలో రసీదు యంత్రం 'ధన్యవాదాలు' అని సరిగ్గా అచ్చువేస్తోందో లేదో చూడటం. ధన్యవాదాలు చూసీ చూసీ, ఈ మధ్య ఎవరైనా నాకు తలుపు పట్టుకుని ఆగినా థాంక్స్ చెప్పబుద్ధి కావడం లేదు. మిమిజుకు మూతపడుతోందని చదివిన రోజు ఆఫీసులో కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. ఇంటికొచ్చి నత్త గారికి రాసేశాను: "నేను తీసుకుంటాను." బోర్డులో నా పేరు ఇనపచెంబు. అందరూ నన్ను మగాడనే అనుకుంటున్నారు, అనుకోనీ.

నత్త గారు ఒక షరతు పెట్టాడు. జాగ్రత్తగా విను. మౌస్ కుడి మీట నొక్కిపట్టి గీత గీస్తే మిమిజుకు దాన్ని సైగగా తీసుకుంటుంది కదా. కిందికి గీసి కుడికి తిప్పితే చూస్తున్న పేజీ ఒక్కటీ మూతపడుతుంది. కిందికి, కుడికి, మళ్ళీ పైకి గీస్తే తెరిచినవన్నీ మూతపడతాయి. ఇప్పుడు బోర్డులో గోదురుకప్ప అని ఒకాయన ఉన్నాడు, నువ్వూ చూసే ఉంటావు. ఒక్క పేజీ మూయబోతే అన్నీ ఎగిరిపోతున్నాయని ఏళ్ళ తరబడి ఫిర్యాదు. నత్త గారు వెతికాడు, బోర్డంతా వెతికింది, ఎవరి దగ్గరా అలా జరగదు. ఒక్క ఆ కప్పకే జరుగుతుంది. "ఆ బగ్ నా పంట్లో ఇరుక్కున్న నువ్వుగింజ. దాన్ని తీసినవాళ్ళదే గుడ్లగూబ" అన్నాడు నత్త గారు.

ఫిబ్రవరిలో కాందాలో ఆఫ్‌కాయ్ ఉంది. బోర్డు జనమంతా మారుపేర్ల బిళ్ళలు గుండెకి తగిలించుకుని ఒకచోట చేరి, అసలు పేర్లు అడగకుండా తాగే కూటమి. ఆ రోజు గోదురుకప్ప గారు స్వయంగా నత్త గారి కంప్యూటర్ మీద గీసి చూడాలి. ఆయన 'సరే' అంటే గుడ్లగూబ నాది. అనకపోతే కంపెనీది.

ఆ కప్ప ఎవరనుకుంటున్నారో తెలుసా? రిటైరైన పన్నుల అధికారి అని కొందరు, నౌకాదళంలో వంటవాడని కొందరు. ఆ నోరు అలాంటిది మరి! నాన్నకి మాత్రం చెప్పకు, ఉద్యోగం మీద మనసు పెట్టమంటాడు.

నీ చిసాతో


మాత్సుయె, అక్టోబరు 16
(రాసి, బిళ్ళ అంటించకుండా కుట్టుపెట్టెలో దాచినది)

చిసాతోకి,

ఋతువు తరవాత. ఆ కప్పని నేనే.

మీ తాతయ్య నన్ను పిలిచిన పేరు అది. పెళ్ళైన కొత్తలో, వానాకాలంలో, గుమ్మంలో చతికిలబడి వచ్చేపోయే వాళ్ళకి మార్కులు వేస్తుంటానని అలా పిలిచేవారు. ముద్దుగానే అనేవారు. అందులో ముద్దెంతో నాకు ఈనాటికీ అనుమానమే. బోర్డువాళ్ళు మారుపేరు అడిగితే చేతికి అదే వచ్చింది. నౌకాదళంలో వంటవాడట!

చెప్పేద్దామనే కలం పట్టాను. చెబితే ఏమవుతుంది? తరవాతి రైలుకి వచ్చి నా పక్కన కూర్చుని ఏదో అతుకు వేస్తావు. నేను సరే అంటాను. అది నానమ్మ మనవరాలికి వేసిన మార్కు అవుతుంది. నా సొంత మేనకోడలు నా తరగతిలో తప్పింది, వెళ్ళి అడుగు, ఇప్పటికీ నాకు సరిగ్గా నమస్కారం పెట్టదు. గుడ్లగూబ నీ చేతికి రావాలంటే నీ చేత్తోనే రావాలి.

కాబట్టి ఈ ఉత్తరం పోదు. ఇంకోటి రాస్తాను.


మాత్సుయె, అక్టోబరు 16

చిసాతోకి,

పెరట్లో పెర్సిమన్ పండ్లు ఎర్రబడ్డాయి, కాకులు నాకంటే ముందు రుచి చూశాయి.

నీ ఉత్తరం అందింది. ఋతువు లేదు. మిసో వెయ్యని పులుసులా ఉంది. ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపుతున్నాను, దాచుకో. ఆశ్చర్యార్థకాలు కొన్ని తగ్గించాను, మిగిలినవి ఉత్సాహానికి వదిలేశాను. ఆ ఉత్సాహం నాకు నచ్చింది. రసీదు యంత్రాల గురించి నువ్వు ఇలా ఎప్పుడూ రాయలేదు.

గోదురుకప్ప సంగతి నాకేమీ తెలియదు. బోర్డులో చదివినంతవరకూ వాక్యం బాగా కట్టే మనిషిలా ఉన్నాడు. అంత చక్కగా తిట్టేవాళ్ళు ఈ రోజుల్లో తగ్గిపోయారు.

సరస్సు గుల్లలు ఐసులో పెట్టి పంపుతున్నాను. ఉప్పునీళ్ళలో నానబెట్టి, లోపలి ఇసుక కక్కేదాకా ఆగు. తొందరపడి పొయ్యి మీద పెట్టావో, పళ్ళకింద కరకరలాడుతుంది. బగ్గులు కూడా అంతేనేమో, నాకు తెలియదు.

నానమ్మ


సుగినామి, నవంబరు 27

నానమ్మా,

ఋతువు: చలి. రాశాను, మర్యాద తీరింది.

నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, రెండూ ఒకేసారి వచ్చి గుమ్మంలో ఇరుక్కున్నాయి. గోదురుకప్ప గారి బగ్‌కి సవరణ చేసి బోర్డులో పెట్టాను. తెలివైన సవరణే అనుకున్నాను. అన్నీ మూసే ముందు బ్రౌజరు ఒక్కసారి ఆగి, "నిజంగానే అన్నీ మూసేయమంటారా?" అని అడుగుతుంది. కాదంటే మూయదు. అంతే కదా కావాల్సింది? అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత కప్ప నోరు తెరిచింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"గింగో ఆకులు రాలి గట్టంతా పసుపైన ఈ వేళ, ఇనపచెంబు గారు కుశలమని తలుస్తాను. మీ సవరణ చూశాను. ఇంట్లో దొంగ పడుతున్నాడు బాబూ అంటే, దొంగని పట్టుకోవడం మాని, 'నిజంగానే దోచుకుంటారా?' అని అడిగే మనిషిని గుమ్మంలో నిలబెట్టారు. కారే కప్పు కింద గొడుగు విప్పుకుని కూర్చోవడాన్ని మరమ్మత్తు అనరు. మీ చెంబుకి అడుగు ఉందా అని నా సందేహం."

చూశావా! చెంబుకి అడుగు ఉందా అట! బోర్డంతా పడీ పడీ నవ్వింది. అప్పటినుంచి నన్ను 'గొడుగు గారూ' అని పిలుస్తున్నారు. ఆ ముసలి పీనుగకి మనవలూ మనవరాళ్ళూ ఉండరా? ఉంటే వాళ్ళనీ ఇలాగే కాల్చుకు తింటాడా?

ఆ మర్నాటినుంచీ ఎన్ని రకాలుగా గీసినా నాకు ఒక్క పేజీయే మూతపడుతోంది. ఎడమచేత్తో గీశాను, కళ్ళు మూసుకుని గీశాను. ఎవరికీ జరగనిదాన్ని ఎలా బాగుచేస్తారు నానమ్మా? వదిలేద్దామనుంది. కంపెనీయే తీసుకోనీ.

చిసాతో


మాత్సుయె, డిసెంబరు 4

చిసాతోకి,

దేశంలోని దేవుళ్ళంతా మా ఇజుమోలో తమ ఏడాది కూటమి ముగించుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ గట్టిగా మాట్లాడకూడదని ఫుసానో గుసగుసలతోనే సరిపెట్టింది. హాయిగా ఉండింది. మీ టోక్యోలో పోయిన నెలంతా దేవుడు లేడు కదా, అందుకే నీకు ఏడుపొచ్చింది కాబోలు.

ముసలి పీనుగ అని రాశావు. అతను ముసలివాడని నీకు ఎవరు చెప్పారు? సరే, అది అలా ఉంచు. అతను అన్నది నిజమా, అబద్ధమా? అబద్ధమైతే తిట్టు, నేనూ గొంతు కలుపుతాను. నాకు కొన్ని మంచి మాటలు వచ్చు. నిజమైతే మాత్రం ముక్కు చీదుకుని, గొడుగు ముడిచి, కారే కప్పు మీదికెక్కు. చెంబుకి అడుగు ఉందా అన్నది కొంచెం ఎక్కువే అయింది, ఒప్పుకుంటాను. ఆ మనిషి కూడా రాశాక ఆ మాట గురించి ఒక పూట ఆలోచించి ఉంటాడు. తీసేసి ఉండడు, అంతే.

వదిలేస్తానంటున్నావు. వదిలెయ్. కానీ వదిలేశాక మళ్ళీ కుర్చీలో కుదురుగా కూర్చోగలవా, చూసుకో.

కొత్త సంవత్సరానికి రావడం కుదరదన్నావని మీ నాన్న చెప్పాడు. పండగ రోజునే యంత్రాలు ఎక్కువ ధన్యవాదాలు చెబుతాయట. కానీ జనవరి రెండో తేదీ పొద్దున్నుంచి మాత్రం తప్పించుకోలేవు. మన ఇంట్లో ఏడాది తొలి రాత ఎవరూ ఎగ్గొట్టలేదు, మీ నాన్న జ్వరంతో కూడా రాశాడు. కుంచె, సిరా, కాగితాలు పంపుతున్నాను. ఈసారి అక్షరం 'వెలుగు'. ఆఖరి గీత గుర్తుందిగా: కిందికి దిగి, కుడికి ఒంపు తిరిగి, చివర్న పైకి ఒక్క విదిలింపు. విదిలించకపోతే ఆ వెలుగు గుడ్డిదీపం. రాసి పంపు, దిద్దుతాను.

నానమ్మ


సుగినామి, 2006 జనవరి 2

నానమ్మా,

కొత్త ఏడాది శుభాకాంక్షలు. మా మేడ మీది రెయిలింగుకి పట్టిన మంచు ఇంకా ఎవరూ కుంచె ఆనించని కాగితంలా ఉంది. (చూశావా, ఋతువు!)

దొరికింది! దొరికింది! అక్షరాలు ఎలా వస్తే అలా చదువుకో!

పొద్దున్నే బల్ల మీది కంప్యూటర్ని ఒక పక్కకి నెట్టి కాగితం పరిచాను. 'వెలుగు' రాశాను. బాలేదు. మళ్ళీ రాశాను. ఆఖరి గీత దగ్గరికి వచ్చేసరికి "విదిలించు!" అని నీ గొంతు వినపడింది, చిన్నప్పటి నీ విసనకర్ర మోచేతికి తగిలింది కూడా. కాగితాల మీద కాగితాలు రాశాను. చివరికి చెయ్యి దానంతట అదే నడవడం మొదలుపెట్టింది. సిరా ఆరేలోపు బోర్డులో శుభాకాంక్షలు చూద్దామని మౌస్ పట్టుకున్నాను. ఒక పేజీ చదివి, దాన్ని మూద్దామని కిందికి, కుడికి గీశాను.

అన్నీ పోయాయి నానమ్మా. అన్నీ!

కుర్చీ పడేలా లేచి అరిచాను. పక్కింటి ఒగావా గారు గోడ కొట్టారు. మళ్ళీ పేజీలు తెరిచి, మళ్ళీ గీశాను. మళ్ళీ పోయాయి! మళ్ళీ అరిచాను. ఒగావా గారు తలుపే కొట్టారు. "ఏమ్మా, పండగ పూట ఏమిటా కేకలు? లాటరీ తగిలిందా?" అన్నాడు. "అన్నీ పోయాయండీ!" అని ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. పాపం, ఇంట్లో దొంగలు పడ్డారనుకుని పోలీసులకి ఫోన్ చెయ్యబోయాడు.

నా చెయ్యి మౌస్‌ని కుంచె అనుకుంది. కిందికి దిగి, కుడికి తిరిగి, చివర్న తనకి తెలియకుండానే పైకి విదిలించింది. ఆ చిటికెడు విదిలింపునే బ్రౌజరు మూడో గీత అనుకుని అన్నీ మూసేస్తోంది. బోర్డు జనం మీటలు నొక్కుతూ పెరిగినవాళ్ళు, వాళ్ళ గీతకి తోక ఉండదు. అందుకే ఎవరికీ దొరకలేదు. గోదురుకప్ప గారిది కుంచె పట్టిన చెయ్యి!

ఇది తెలిశాక ఆయన పాత ఫిర్యాదులన్నీ మొదటినుంచీ చదివాను. ప్రతి ఒక్కటీ ఋతువుతో మొదలవుతుంది. 'సరస్సు మీద పొగమంచు పట్టిన వేళ' అని ఒకటి, 'గుల్లల పడవలు బయల్దేరిన వేళ' అని ఇంకోటి. బ్రౌజరు పాడైందని రాస్తూ ముందు పొగమంచు గురించి రాసే మనుషులు ఈ దేశంలో ఎంతమంది ఉంటారు నానమ్మా? కారే కప్పు కింద గొడుగు అన్న మాట కూడా, నేను సెలవుల హోంవర్కు ఎగ్గొట్టినప్పుడు ఎవరో నాతో అన్నట్టు గుర్తు. ఎవరబ్బా? ఊరికే అడుగుతున్నాను.

ఇప్పుడు నీ సలహా కావాలి, కుంచె తెలిసిన మనిషిగా. ఆయనకి "విదిలించకండి" అని చెబితే సరిపోతుందా? ఒక్క వాక్యంలో పని అయిపోతుంది. లేక బ్రౌజరుకే విదిలింపు నేర్పాలా? అది చాలా పని.

చిసాతో


మాత్సుయె, జనవరి 7

చిసాతోకి,

ఏడు రకాల ఆకుకూరల గంజి తాగాల్సిన రోజు. నాకు ఐదే దొరికాయి. మిగిలిన రెంటి పేర్లు గిన్నె మీద గట్టిగా పలికి తాగేశాను.

నీ 'వెలుగు' దిద్ది పంపుతున్నాను. పై గీతలకి మార్కులు లేవు. ఆఖరి గీత చుట్టూ ఎర్రసిరాతో పెద్ద సున్నా చుట్టాను. అది తప్పు సున్నా కాదు, మెచ్చుకోలు సున్నా. నీకు అలాంటిది చుట్టడం ఇదే మొదటిసారి, అందుకే చెప్పాల్సి వస్తోంది.

సరస్సులున్న ఊళ్ళు దేశంలో చాలా ఉన్నాయి. పొగమంచు ఎవరి సొత్తూ కాదు. గొడుగు మాట పాత మాట, నోరున్న ఎవరైనా అంటారు. ఇంతకంటే చెప్పేది లేదు.

నువ్వు అడిగిన దానికి జవాబు. విదిలింపు తప్పు కాదు. కుంచె కాగితాన్ని వదిలి వెళ్ళేటప్పుడు పెట్టే నమస్కారం అది. గుమ్మం దాటుతూ నమస్కారం పెట్టిన అతిథిని మీ నత్త గారి బ్రౌజరు ఇల్లు కూల్చడానికొచ్చాడనుకుంటోంది. అప్పుడు నువ్వు అతిథి దగ్గరికి వెళ్ళి "ఇకనుంచి నమస్కారం పెట్టకండి" అంటావా? అను. ఆ కప్ప ఏమంటాడో నేను ఊహించగలను, కానీ తపాలాలో రాయదగ్గ మాటలు కావు. నమస్కారానికీ, నిజంగా అన్నీ మూసేసే చేతికీ తేడా ఉంది. ఆ తేడా ఎక్కడుందో నేను చెప్పను. పట్టుకోవడం నీ పని.

ఇంకో మాట. ఫిబ్రవరిలో నా మోకాలు బాగుండదు. ఇప్పుడే చెబుతున్నాను. నేను ఎక్కడికీ రాను. ఆ కప్ప కాందాకి వస్తాడో రాడో నాకేం తెలుసు? వస్తే మాత్రం మొహమాటపడే రకంలా లేడు. గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళు.

నానమ్మ


సుగినామి, ఫిబ్రవరి 12

నానమ్మా,

కాందా గుడి పక్కన ఉమె చెట్టు ఆకైనా తొడగకుండానే పూసేసింది, ఆగలేనట్టు. నేనూ ఇవాళ అలాగే ఉన్నాను.

మోకాలు ఎలా ఉంది? నువ్వు నిన్న రాలేకపోయావు కాబట్టి జరిగిందంతా వివరంగా రాస్తున్నాను.

ఓదెన్ కొట్టు మేడమీది గది. ముల్లంగీ గుడ్లూ ఉడుకుతున్న ఆవిరిలో అందరూ గుండెకి పేర్ల బిళ్ళలు పెట్టుకుని కూర్చున్నారు. నత్త గారు గిఫు నుంచి వచ్చిన పళ్ళ డాక్టరట. మనం నవ్వితే ముందు పళ్ళు చూసి, తరవాత నవ్వుతాడు. కవలల ఫొటో అందరికీ చూపించి, మళ్ళీ మొదటినుంచి చూపించాడు. నన్ను చూసి, "ఇనపచెంబు గారంటే మీరా?" అని ముల్లంగి ముక్క మింగలేక కూర్చున్నాడు.

గోదురుకప్ప గారు ఇంకా రాలేదు. "నౌకాదళంవాళ్ళు టైముకి వస్తారే!" అన్నారు ఎవరో. అంతలో తలుపు జరిగింది. బూడిదరంగు కిమోనోలో ఒక పెద్దావిడ.

"అమ్మా, హైకూ సభ పక్క గదిలోనండీ" అన్నాడు తలుపు దగ్గరతను.

"హైకూ వాళ్ళు ఇంత గోల చెయ్యరు, అది మెట్ల మీదే తెలిసింది. ఖాళీ బిళ్ళ ఒకటి ఇవ్వండి."

తన చేతిసంచిలోంచి కుంచెపెన్ను తీసి, బిళ్ళ మీద నిలువుగా 'గోదురుకప్ప' అని రాసి, గుండెకి తగిలించుకుంది.

"మరి... నౌకాదళం?" అన్నారెవరో నీరసంగా.

"లేదు. వంట మాత్రం వచ్చు" అంది ఆవిడ.

నేను వెళ్ళి వంగి నమస్కరించాను. "ఇనపచెంబునండీ. మొదటిసారి కలుస్తున్నాం, దయ ఉంచండి." ఆవిడ నాకంటే కిందికి వంగింది. "మొదటిసారే. మీరు మగవారనుకున్నాను. గొడుగు తేలేదు కదా?" నవ్వొచ్చి చచ్చిపోయాను నానమ్మా, నాలుక కరిచిపట్టుకున్నాను. ఆవిడ మొహంలో ఒక్క గీత కదల్లేదు.

నేను ఈ నెలంతా చేసిన పని నీకు చెప్పలేదు కదా. కుంచె పక్కన పెట్టుకుని, రాసి, గీసి, నా చెయ్యి కదలికలన్నీ పట్టి చూశాను. విదిలింపు చిటుక్కున పోతుంది, పొట్టిగా ఉంటుంది. నిజంగా పైకి గీసే గీత నిదానంగా, దూరం పోతుంది. ఇప్పుడు బ్రౌజరు ఆ రెంటినీ వేరుగా చూస్తుంది. నా చేతికి బాగానే ఉంది. కానీ నా చెయ్యి నెలరోజుల కుంచె చెయ్యి. ఆవిడది జీవితమంతా.

నత్త గారి కంప్యూటర్ ముందు ఆవిడ చేతులు మడిచి కూర్చుంది. నిలువు పేజీలు వరసగా తెరిచింది. మౌస్ పట్టింది. కిందికి, కుడికి, చివర్న విదిలింపు, ఎంత అందంగా విదిలించిందో! ఒక్క పేజీ మూతపడింది. మిగిలినవన్నీ అలాగే నిలబడి ఉన్నాయి. గది అదిరిపోయింది!

"అరవకండి. ఇంకా కాలేదు" అంది ఆవిడ.

మళ్ళీ మౌస్ పట్టింది. కిందికి. కుడికి. పైకి. అన్నీ పోయాయి.

నత్త గారి ముల్లంగి కుండలో పడింది. నా గుండె కూడా అక్కడే ఎక్కడో పడింది. కంపెనీ, కడుపుబ్బరం మాత్రలు, రసీదు యంత్రాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

ఆవిడ అందరి మొహాలూ చూసింది. "ఏమిటి, తద్దినానికి వచ్చినట్టు? అన్నీ మూద్దామనే గీశాను, మూసింది. మొదటిసారి మర్యాదకి విదిలించాను, అది మర్యాదని తెలుసుకుంది. రెండోసారి నిజంగా అడిగాను, నిజమని తెలుసుకుంది. ఈ గదిలో కొందరికంటే నయం." అని, నా వైపు తిరిగి, బడిపంతులమ్మలా, "సరే" అంది.

ఒక్క 'సరే'! పొగడ్త లేదు, ఇంకో మాట లేదు. కొట్టు యజమాని నిప్పంటుకుందేమోనని పైకి పరిగెత్తుకొచ్చాడు, అంత అరిచాం. నత్త గారు ఏడ్చాడు. మిమిజుకు మొత్తం ఉన్న డిస్కుని పసిపిల్లల చొంగగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఇంట్లో శుభ్రంగా ఉన్న గుడ్డ అదొక్కటేనట.

కిందికి వచ్చాక గోదురుకప్ప గారిని స్టేషను దాకా దింపుతానన్నాను. "కొత్తవాళ్ళతో నడవను" అంది. కానీ మెట్లు మాత్రం నా చెయ్యి పట్టుకునే దిగింది. ఆవిడకి కూడా మోకాలు బాగాలేనట్టుంది. చివరి మెట్టు దాటాక కూడా కాసేపు చెయ్యి వదల్లేదు.

కొత్తవాళ్ళే అయినా, చాలా మంచావిడ నానమ్మా. నువ్వు కలిసి ఉంటే మీ ఇద్దరికీ పడేది కాదు.

నీ చిసాతో


మాత్సుయె, మార్చి 5

ఇనపచెంబు గారికి,

శీతాకాలం బాతులు ఉత్తరాదికి లేచిపోయి సరస్సు వెడల్పుగా కనిపిస్తున్న ఈ వేళ, తమరూ తమ గుడ్లగూబా కుశలమని తలుస్తాను.

తమ పేరుతో వచ్చిన మొదటి కూర్పు ఎక్కించాను. నిన్న మా బృందమంతా దాని ముందే కూర్చున్నాం. ఫుసానో గారు మౌస్ తీసుకుని విదిలించి విదిలించి, పేజీలు ఒక్కొక్కటీ మూసి, చదవాల్సినవి కూడా మూసేసింది. చిన్నపిల్లలా నవ్వింది. పేజీకి ఏ వైపూ మాత్రల ప్రకటన లేదు.

అయితే ఒక ఫిర్యాదు. నిలువు పేజీలో మౌస్ చక్రం తిప్పితే పేజీ ముందుకి జరగాలి. నా దగ్గర అప్పుడప్పుడు వెనక్కి జరిగి, చదివేసిన కథలోకి తోసేస్తోంది. ఈ వయసులో మనల్ని వెనక్కి తోసేవాళ్ళు చాలామందే ఉన్నారు, బ్రౌజరు కూడా అక్కర్లేదు. త్వరగా చూడగలరు. నత్త గారి వేగంతో కాదు.

ఇలాంటివి బోర్డులో రాయాలన్నది నియమం, నాకు తెలుసు. ఇన్నేళ్ళూ అక్కడే రాశాను. కానీ కిందటి నెల కాందాలో మెట్లు దిగినప్పటినుంచీ అక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. కవరు మీద తపాలా బిళ్ళ అంటించాను, చూసే ఉంటారు. ఇంటివాళ్ళకి నేను ఇలాగే రాస్తాను.

గోదురుకప్ప